సందు లేని పట్టాలు

ఇంజను మళ్లీ పడింది. అదే చోట, అదే తీరుగా. ఏనుగుబండ మలుపు సగం తిరిగాక ముందు చక్రం బయటి పట్టా ఎక్కింది, ఎటు పోదామా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది, తర్వాత పక్కకు ఒరిగి వెనకాల ఉన్న మూడు డబ్బాలనూ లాక్కొని మట్టిగుట్ట మీద వాలిపోయింది. కడుపులో తిప్పిన చావి ఇంకా అయిపోలేదు కనుక చక్రాలు గాలిలో గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. బల్ల ముందు గొంతుకూర్చున్న ఐలేశం దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. జానెడు లేదు, పడితే చీమ కూడా చావదు. అయినా అది ఒరిగిన ప్రతిసారీ అతను గడియారం వైపు చూస్తున్నాడు. పొద్దున ఎనిమిది గంటలకు ఇదే మలుపులో ఇదే ఇంజను కొత్త పెళ్లికూతురు నడిచినట్టు ఒద్దికగా నడిచింది. పన్నెండు దాటాక మొదలైంది రోగం. ఇప్పటికి అయిదుసార్లు పడింది. గోడ మీది గడియారం రెండున్నర కొట్టింది. గద్వాల పాసింజరు ఈపాటికి ఎంత దూరం వచ్చిందో, అందులో బిడ్డ అండాలుకు కూర్చోవడానికి జాగా దొరికిందో లేదో అనుకున్నాడు, అనుకొని ఆ ఆలోచనను ఈగను తోలినట్టు తోలేశాడు.

ఇది ఇన్‌స్పెక్టర్ దొర ఇల్లు. దొర పేరు శ్యామరావు, ఉండేది పాలమూరులో. దేవరకద్ర నుంచి పాలమూరు దాకా రైలు పట్టాలూ మోరీలూ కంకరా, వాటి మీద చెమటోడ్చే గ్యాంగు మనుషులూ అంతా ఆయన చేతి కిందే. మంచివాడే. కొట్టడు, తిట్టడు. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి కోడిపందేల పిచ్చి ఉన్నట్టు ఆయనకు బొమ్మరైలు పిచ్చి. నడిమింట్లో మోకాలెత్తు బల్లలు మూడు కలిపి, తాను చూసే లైనునే అచ్చం దింపుకున్నాడు: అట్టలతో స్టేషన్లు, రేకుతో మోరీలు, కొబ్బరిపీచుకు రంగేసి తుమ్మచెట్లు. ఏనుగుబండను మాత్రం ఐలేశమే చేశాడు, పుట్టమన్ను తెచ్చి, తొండంతో సహా. ఇరవై రెండేళ్లుగా లైను మీద బతికినవాడు, గ్యాంగుకు మేస్త్రీ. బొమ్మ పట్టా అడ్డం తిరిగినప్పుడల్లా దొర అతనికే కబురు పంపుతాడు. "నీ చేతిల ఏమున్నదో గాని ఐలేశం, పట్టా నీ మాటింటది" అంటాడు. ఆ ఒక్క మాటకు ఐలేశం రెండు రోజులు అన్నం లేకుండా పని చేయగలడు. ఊరి చివరి వాడ నుంచి వచ్చినవాడిని నడిమింట్లో కూర్చోబెట్టుకొని సలహా అడిగే దొర పాలమూరు మొత్తంలో ఇంకొకరు లేరు. తాను పోయాక అమ్మగారు ఆ జాగా అంతా పసుపునీళ్లు చల్లిస్తుందనీ, సుత్తి కావాలంటే దొర చేతికివ్వక నేల మీద పెట్టి జరుపుతాడనీ ఐలేశానికి తెలుసు, తెలిసీ సంబరపడతాడు. మనిషి మనసు అంతే, పెట్టే చెయ్యిని చూస్తుంది గాని అది ఎంత దూరం నుంచి పెడుతున్నదో చూడదు.

ఈ మలుపు మొదట్లో ఇట్లా లేదు. బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు చిన్న చిన్న ముక్కలు, ముక్కకూ ముక్కకూ నడుమ గోరు పట్టేంత సందు. ఇంజను వాటి మీద టకటకమంటూ పోయేది. జర్మనీ లడాయి మొదలయ్యాక బొంబాయి సరుకు ఆగిపోయింది, మలుపులోని ముక్కలు అరిగి వంకరపోయాయి. దొర కంచరిని పిలిపించి ఆరడుగుల ఇత్తడి పట్టీలు రెండు సాగగొట్టించి, వంచి, రెండు కొసలా కదలకుండా బిగించాడు. అప్పుడు పుష్యమాసం, పొద్దెక్కినా గొంగడి విడవబుద్ధి కాని చలి. ఇంజను ఆ మలుపులో కిక్కురుమనకుండా జారిపోయింది. "చూసినవా, సందు లేకుంటె చప్పుడు లేదు, కుదుపు లేదు" అని దొర చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. ఆ నెలలోనే సికింద్రాబాదు నుంచి రైల్వే పెద్ద సాహెబు తన సొంత డబ్బాలో పడుకొని ఈ లైను మీద పోతూ, ఏనుగుబండ దగ్గర పట్టాల టకటకకు నిద్ర చెడిందని చీటీ రాసి పంపాడు. దొర చీటీ చదివాడు, బల్ల మీది మలుపు వైపు చూశాడు, మర్నాడే గ్యాంగును వెంటేసుకొని అసలు ఏనుగుబండకు పోయాడు. పన్నెండు సందులు. పట్టాలను గడ్డపారలతో జరిపి జరిపి పన్నెండింటినీ మూయించాడు. "దొరా, ఎండకాలం ఇనుము ఉబ్బుతది" అన్నాడు ఐలేశం. "ఎండకాలం నాటికి మళ్ల తీద్దాం తియ్యి" అన్నాడు దొర. తర్వాత రిపోర్టు రాశాడు, సందులన్నీ ఉండవలసినట్టే ఉన్నాయని. దాని కింద మేస్త్రీ వేలిముద్ర. బొటనవేలికి సిరా పూస్తుంటే ఐలేశం చల్లగా ఉందనుకున్నాడు, అంతకు మించి ఏమీ అనుకోలేదు.

శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. పట్టా విప్పాలంటే బండ్లు ఆపాలి, బండ్లు ఆపాలంటే దొర హుకుం కావాలి. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ దొర రేపన్నాడు, ఆ రేపు ఎవరి ఇంటి గోడ మీద రాసి ఉందో దేవుడికే తెలియాలి. మళ్లీ అడిగితే దొరకు తన తప్పు గుర్తుకొస్తుందనీ, గుర్తు చేసినవాడి మీద కోపం వస్తుందనీ మూడోసారి అడగలేదు. అడగలేక తనకు తోచిన ఉపాయం చేశాడు: చైత్రం వెళ్లినప్పటి నుంచి రోజూ మిట్టమధ్యాహ్నం భిక్షపతిని ఎర్రజెండా ఇచ్చి మలుపు దగ్గర కూర్చోబెట్టాడు. భిక్షపతి గ్యాంగులో మనిషి, పైగా తన పెళ్లాం సాలమ్మకు తమ్ముడు, చెప్పిన చోటు నుంచి కదలడు. పట్టా పక్కకు జరిగినట్టు కనిపిస్తే బండికి ఎదురు ఉరకాలి, అంతే పని. వాడక్కడ గొంగడి నీడ వేసుకొని కూర్చున్నాడని తెలిసినంత సేపూ ఐలేశానికి తిన్నది అరుగుతుంది. ఈ రోజు కూడా కూర్చొనే ఉంటాడు. రోహిణి కార్తె వచ్చి మూడో రోజు. రోహిణికి రోళ్లు పగులుతాయంటారు, నిన్న సాయంత్రం ఏనుగుబండ దగ్గర పట్టాల కింది దిమ్మెల కొసల నుంచి కంకర వేలెడు ఎడంగా జరిగి ఉండటం తాను చూశాడు. చూసి, కాలితో మళ్లీ లోపలికి తోసి, ఇంటికి పోయాడు. ఎందుకు తోశాడు? ఎవరు చూస్తారని? మేక ఏదో తొక్కిందనుకున్నాడు, లేదా అనుకోవాలనుకున్నాడు.

"ఏమైందోయ్, మళ్ల పడ్డదా?" దొర టై కట్టుకుంటూ లోపలి నుంచి వచ్చాడు. ఇంట్లో పొద్దుటి నుంచి పండగలా ఉంది, వాకిట్లో నీళ్లు చల్లుతున్నారు, పందిరి వేస్తున్నారు, ఏదో నెయ్యి వాసన వస్తోంది. "పెద్ద సాహెబు దిగంగనే ఇక్కడికొచ్చి చాయ్ తాగి రైలు చూస్తనన్నడు. ఆయన ముంగట పడ్డదనుకో, నా ఇజ్జత్ పోతది. జర చూడు ఐలేశం."

"ఏ బండికి దిగుతడు దొరా?"

"గద్వాల పాసింజరుకే. ఆయన డబ్బా దాని ఎనక తగిలించిన్రు."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, దొరా బండిని మలుపు కాడ మెల్లగ పొమ్మనుండ్రి అని, పది మాటలు కూడా లేవు. నోరు తెరిచాడు. "సన్నమేకులు ఇంకో పదుంటె ఇయ్యుండ్రి" అన్నాడు. దొర మేకుల డబ్బీ నేల మీద పెట్టి కాలితో ఇటు జరిపి లోపలికి పోయాడు. భిక్షపతి ఉన్నాడు కదా అనుకున్నాడు ఐలేశం. నెల రోజులు ఏమీ కాలేదు, ఈ ఒక్క రోజుకు ఏమైతది.

అండాలు సోమవారమే రావలసిన పిల్ల. గద్వాలలో అల్లుడు చంద్రయ్య మగ్గాలకు నూలు మోసే పనిలో ఉన్నాడు, సోమవారం అతనికి తీరలేదు. మంగళ, బుధ ఉత్తరానికి వారశూల, కడుపుతో ఉన్న పిల్లను శూలకు ఎదురు పంపుతారా అని సాలమ్మ ఊరుకోలేదు, పోస్టాఫీసు గుమాస్తా కాళ్లావేళ్లా పడి కార్డు రాయించింది: గురువారం పంపండి, శుక్రవారం అయితే పుట్టింటికి రాగూడదు. అయిదుగురు పుట్టి ఒక్కతే మిగిలిన పిల్ల గనుక సాలమ్మ భయాలకు లెక్క లేదు. పిల్లి ఎదురైతే ఆగుతుంది, తుమ్మితే కూర్చుంటుంది. కార్డు చివర తన మాటగా ఐలేశం ఇంకొకటి చేర్పించాడు. ముందు డబ్బాలో ఎక్కించండి, ఇంజను పక్కది. పాలమూరులో ఆ డబ్బా సరిగ్గా గేటు దగ్గర ఆగుతుంది, ఏడో నెల పిల్లకు మూట మోసుకొని ప్లాటుఫారం పొడుగూ నడిచే బాధ ఉండదు. ఎంత తెలివి. గుమాస్తా కూడా మెచ్చుకున్నాడు, లైను మీద పని చేసేవాడికే తెలుస్తాయి ఇట్లాంటివి అని. ముందు డబ్బా. బల్ల మీద ఇంజనుకు తగిలించిన ముందు డబ్బా ఇంకా మట్టిగుట్టకు తల ఆనించి పడి ఉంది. ఐలేశం దాన్ని గబుక్కున తీసి పట్టా మీద నిలబెట్టాడు, చేతికి అంటిన మన్ను పంచెకు తుడుచుకున్నాడు.

కంటికి వంక కనపడదు. కన్ను బల్లకు ఆనించి పట్టీ వెంబడి చూశాడు, సాఫీగానే ఉంది. పొద్దుటి నుంచి మేకులు మార్చాడు, కింద చెక్క చెక్కాడు, బయటి పట్టాను ఒక వెంట్రుక ఎత్తు లేపాడు, అసలు లైను మీద మలుపుకు చేసే వైద్యాలన్నీ దీనికి చేశాడు. ఇంక కళ్లతో లాభం లేదని వేలు పెట్టి నిమిరాడు. వేలు చురుక్కుమంది. పడమటి కిటికీ నుంచి ఎండ ఎప్పుడు వచ్చిందో, సరిగ్గా మలుపు మీదనే పరుచుకొని ఉంది. బల్లలో మిగతా చోట చల్లగా ఉన్న ఇత్తడి ఇక్కడ అట్లపెనంలా ఉంది. వేలు తీయకుండా పట్టీ మీద జరుపుతూ పోయాడు. నడిమధ్యలో, మేకుకూ మేకుకూ నడుమ, పట్టీ బయటికి ఉబ్బి ఉంది, కన్ను పట్టలేనంత. చర్మానికే తెలిసే ఉబ్బు. ఆ మేకును పట్టకారుతో మెల్లగా లాగాడు. టింగుమని పట్టీ పక్కకు దూకింది. ఇంత సేపూ పళ్లు కరిచి పట్టుకున్న మనిషి ఒక్కసారి నోరు తెరిచినట్టు దూకింది, గోరు వెడల్పు. ఆరడుగుల పట్టీ, గోరు వెడల్పు. ఐలేశం చెయ్యి ఆ పట్టకారుతోనే అట్లాగే ఆగిపోయింది.

అట్లనా, అనుకున్నాడు. అంతేనా. దానికి జాగా లేదు, ఉబ్బింది, ఎటూ పోలేక పక్కకు పోయింది. ఇది తనకు తెలియని సంగతి కాదు, తెలిసిన సంగతినే వేలితో ముట్టుకోవడం వేరు. చేతులు వాటంతట అవే పనిలో పడ్డాయి; మేకులన్నీ పీకాడు, పట్టీలను బల్ల మీది నుంచి ఎత్తాడు, సన్నరంపంతో ఒక్కొక్కటి నాలుగు ముక్కలు చేశాడు, కొసలు ఆకురాయితో రుద్దాడు. సందు ఎంత పెట్టాలి? లైను మీద అయితే గ్యాంగు పెట్టెలో రేకుముక్క ఉంటుంది, ఆ రేకును పట్టాకూ పట్టాకూ నడుమ పెట్టి బిగించి తర్వాత లాగేస్తారు. ఇక్కడ విసనకర్ర నుంచి తాటాకు ఈనె పక్కది చిన్న ముక్క విరిచి అదే కొలత చేసుకున్నాడు. ఒక ముక్క, తాటాకు, ఇంకో ముక్క. చెయ్యి పని చేస్తోంది, మనసు రెండు మైళ్ల అవతల ఉంది. అక్కడ కిటికీ నుంచి వచ్చే ఎండ కాదు. గుట్టను తొలిచి వేసిన దారి, రెండు వైపులా నల్లరాయి, గాలి ఆడదు, మధ్యాహ్నం అక్కడ గంట నిలబడితే చెప్పుల అడుగు మెత్తబడుతుంది. ఆరడుగులకు గోరు వెడల్పు అయితే పన్నెండు పట్టాల పొడుగుకు ఎంత? లెక్క కట్టడం ఐలేశానికి రాదు, కట్టాలని కూడా లేదు. తాటాకు, ముక్క. తాటాకు, ముక్క. నిన్న కంకరను జరిపింది మేక కాదు. మేక అయితే ఒక్క చోట తొక్కుతుంది, అన్ని దిమ్మెల కొసలనూ వరుసగా ఒకే వైపు తొక్కదు. నెల రోజులుగా పట్టా రోజూ ఇంతింత జరుగుతూ, రాత్రికి చల్లబడి వెనక్కు వస్తూ, తెల్లారి తాము పోయి చూసేసరికి ఏమీ ఎరగనట్టు పడుకొని ఉంటోంది. భిక్షపతి ఉన్నాడు. వాడి కళ్లు మంచివి. వాడు జెండా పట్టుకొని ఉరికితే డ్రైవరు ఆపుతాడు, అండాలు కొంచెం కుదుపుకు అదురుకుంటుంది, సాలమ్మకు ఈ సంగతి చెప్పకూడదు. గడియారం మూడు కొట్టింది. చివరి మేకు దిగింది.

"దొరా, సూడుండ్రి."

దొర ఉరికినట్టే వచ్చాడు. చావి తిప్పి తానే ఇంజనును పట్టా మీద పెట్టాడు. అది స్టేషను దాటింది, మోరీ దాటింది, ఎండ పడుతున్న మలుపులోకి పోయింది, టక టక టక టకమని సందులన్నీ దాటింది, మట్టి ఏనుగు పక్క నుంచి తిరిగి నిండు గర్వంతో అవతలికి వచ్చేసింది. దొర ముఖం వెలిగిపోయింది. "శభాష్! ఏం చేసినవోయ్? పొద్దటిసంది కానిది గింతల్నే ఎట్లయింది?"

"సందులు పెట్టిన దొరా. ఎండకు ఉబ్బుతాంది, దానికి జాగా లేకుండె." ఈసారి మాట ఆగలేదు. "ఏనుగుబండ కాడ గూడ గంతే దొరా. పన్నెండు సందులు మూసినం పుష్యమాసంల. నిన్న పొద్దుమీకి కంకర జరిగి ఉండె. బండి రాకముందే నేనొక్కపారి పోయి సూసొస్త. భిక్షపతి ఉన్నడనుకోండ్రి, అయినా..."

"భిక్షపతా? వాడు ఈడనే ఉన్నడు గద" అన్నాడు దొర. ఇంకా ఇంజను వైపే చూస్తూ, వాకిటి వైపు కేకేశాడు. "అరే భిక్షపతీ, మంచినీళ్లు తేవోయ్ మేస్త్రీకి."

భిక్షపతి గడప బయట వచ్చి నిలబడ్డాడు. మోచేతుల దాకా సున్నం. నెత్తికి చుట్టుకున్న గుడ్డ మీద కూడా సున్నం. చేతిలో చెంబు. ఐలేశం వాడి ముఖం చూశాడు, చెంబు చూశాడు, మళ్లీ ముఖం చూశాడు, ఇతను ఎవరన్నట్టు.

"మలుపు కాడెవరున్నర్రా?"

"ఎవరు లేరు బావా. పందిరికి అందరిని రమ్మన్నరని పదిగొట్టంగనే వచ్చినం. నీకెరికేననుకున్న."

ఎవరూ లేరు. పొద్దుటి నుంచి ఎవరూ లేరు. ఇంత సేపూ తాను ఆనుకొని కూర్చున్న గోడ అసలు లేనే లేదు. ఐలేశం లేవబోయాడు, గొంతుకూర్చొని కూర్చొని కాళ్లు తిమ్మిరెక్కాయి, బల్ల అంచు పట్టుకొని లేచాడు. దొరల సామాన్లకు ఆనుకోకుండా లేవాలనే ఇరవై రెండేళ్ల అలవాటు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. దొర అప్పుడు అతని వైపు సరిగ్గా చూశాడు. చదువుకున్నవాడు, ఇంజనీరు, విడమరచి చెప్పవలసిన పని లేదు. చూస్తుండగానే ఆయన ముఖం మీది వెలుగు దిగిపోయింది. గడియారం వైపు చూశాడు. మూడూ అయిదు. దేవరకద్రలో బండి కదిలే ఉంటుంది. పెదవులు తడుపుకున్నాడు, గడప దగ్గరున్న భిక్షపతిని పొమ్మని చెయ్యి ఊపాడు, గొంతు తగ్గించాడు.

"ఐలేశం, జర నా మాటిను. పెద్ద సాహెబు కూసున్న బండిని ఆపినవనుకో, ఎందుకాపినవంటరు. సందులెవరు మూసిన్రంటరు. రిపోర్టు మీద నీ వేలిముద్రనే ఉన్నది గద." బెదిరింపులా అనలేదు, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు. "ఇద్దరం మునుగుతం. నెల దినాలసంది ఏం గాలే. ఈ ఒక్క దినానికి ఏమైతది? రేపు పొద్దుగాలనే పోయి విప్పుదాం. నా మీద ఒట్టు."

ఈ ఒక్క దినానికి ఏమైతది. ఆ మాట ఐలేశం చెవికి కొత్త కాదు, ఇంతకు ముందే తన కడుపులో తాను అనుకున్న మాట. పరాయి నోట వింటే ఇంత నీచంగా ఉంటుందని తెలియదు. కోపం వచ్చింది, దొర మీద కాదు, ముందుగా తన మీద. "ముందు డబ్బాల నా బిడ్డున్నది దొరా" అన్నాడు. దొర ఏదో అనబోయాడు, ఐలేశం వినలేదు. ఇంకా అక్కడే ఉన్న భిక్షపతిని నెట్టుకుంటూ గడప దాటాడు, పందిరి గుంజల మధ్య నుంచి, తడిసిన వాకిలి మీది నుంచి, చెప్పులు ఎక్కడ విడిచాడో చూడకుండా ఉరికాడు. "బావా" అని భిక్షపతి కేక వినిపించింది, "నువ్వాగు" అని దొర కేక దాని వెంటే వినిపించింది, తర్వాత వెనక అడుగుల చప్పుడేమీ రాలేదు.

లైను ఎక్కాక కంకర పాదాలను కాల్చింది. దిమ్మె మీద నుంచి దిమ్మె మీదికి అడుగు వేయడం కాళ్లకు అలవాటే, కానీ ఎప్పుడూ నడిచాడు గాని ఇట్లా ఉరకలేదు. రెండు మైళ్లు. ఎండ నెత్తి మీద కాదు, నెత్తి లోపలే ఉన్నట్టుంది. ముందు డబ్బా అని కార్డులో ఎందుకు రాయించాడు, ఎవడడిగాడు నీ తెలివి, గేటు దగ్గర దిగకపోతే పిల్ల నడవలేదా, వెనక డబ్బాలో మేకలతో పాటు కూర్చుంటే ఏం పోయేది. సాలమ్మ శూల శూల అని మొత్తుకుంటే నవ్వాడు. మంగళవారం వచ్చి ఉంటే ఇప్పుడు ఇంట్లో పడుకొని చింతచిగురు తింటూ ఉండేది. రేపు అని రెండుసార్లు అన్నప్పుడు మూడోసారి అడిగితే దొర ఏం చేసేవాడు? తలకాయ తీసేవాడా? పట్టా నీ మాటింటది అన్నాడు, దానికి పొంగిపోయి పుట్టమన్నుతో ఏనుగును చేసి పెట్టాడు. పట్టా ఎవరి మాటా వినదు. చలికాలం ముడుచుకుంటుంది, ఎండకాలం సాగుతుంది, దానికి దొర లేడు, మేస్త్రీ లేడు. రొప్పు వస్తోంది, పక్కటెముకల్లో పొడుస్తోంది, అయినా కాళ్లు ఆగడం లేదు. అండాలు చిన్నప్పుడు లైను మీద అన్నం తెచ్చేది, రెండు పట్టాల మీద రెండు కాళ్లు పెట్టాలని చూసేది, అందేది కాదు. నాయినా ఇవి ఎక్కడ కలుస్తయే అని అడిగేది. ఎక్కడా కలవయి బిడ్డా అని చెప్పేవాడు.

గుట్ట మధ్యకు రాగానే నల్లరాతి సెగ ముఖానికి కొట్టింది, అట్లాగే కనిపించింది. వెతకవలసిన పని లేకపోయింది. మలుపు నడుమ రెండు పట్టాలూ దిమ్మెలతో సహా బయటికి జరిగి, జానెడు వంక తిరిగి ఉన్నాయి, కంకర కట్ట తెగి పక్కకు రాలి ఉంది. ఎవరూ లేని చోట, ఎండలో, చప్పుడు లేకుండా అయిపోయింది. ఐలేశం దాని దగ్గర ఆగలేదు, ఆగితే మళ్లీ లేవలేనని తెలుసు. దాన్ని దాటి అవతలికి ఉరికాడు, బండి ఎంత దూరంలో ఆపగలిగితే అంత దూరానికి, గుట్ట దాటి, జొన్నచేల బీళ్ల మధ్యకు. చెవుల్లో తన రక్తం చప్పుడో పట్టాల చప్పుడో తెలియలేదు. కొంత సేపటికి పొగ కనిపించింది. తర్వాత ఇంజను.

జెండా లేదు. జెండా లేనివాడు రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి నిలబడాలి, అది బండి ఆపమని గుర్తు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున నేర్పిన పాఠం. పట్టాల నడుమ నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. ఇంజను వస్తూనే ఉంది. చేతులు ఇంకా పైకి చాచాడు, మునివేళ్ల మీద లేచాడు. డ్రైవరు చూశాడు, అద్దం పక్క నుంచి తల బయటపెట్టి, సంతోషంగా చిన్న కూత వేశాడు, చెయ్యి కూడా ఊపాడు, వేగం తగ్గించలేదు. అప్పుడు ఐలేశానికి అర్థమైంది. పోయినేడు పెద్ద సాహెబు డబ్బా ఈ దారిన వచ్చినప్పుడు, గ్యాంగంతా లైను వెంబడి నిలబడి రెండు చేతులూ నెత్తి మీదికెత్తి దండం పెట్టాలని దొర హుకుం చేశాడు. తానే మనుషులను నిలబెట్టాడు, చేతులు సరిగ్గా ఎత్తనివాడిని తానే కసిరాడు. డ్రైవరు అప్పుడూ ఇట్లాగే కూత వేసి జవాబిచ్చాడు, బండి ఇట్లాగే ఆగకుండా పోయింది. ఇప్పుడు ఒక మేస్త్రీ పట్టాల మీదికే వచ్చి సాహెబుకు దండం పెడుతున్నాడు, పక్కకు జరుగుతాడులే అనుకుంటున్నాడు ఆ మనిషి. చేతులు ఇంకా పైకెత్తితే ఇంకా భక్తి అనుకుంటాడు. అరిచాడు. ఆవిరి చప్పుడులో ఆ అరుపు తనకే వినిపించలేదు. పుట్టిన నాటి నుంచి పెద్దవాళ్ల ముందు ఈ ఒంటితో ఏ పని చేసినా అది దండమే అవుతుంది. వంగినా దండమే, పడుకున్నా దండమే. దండం కానిది ఒకటి చేయాలి.

వంగి కంకర రాయి తీసుకున్నాడు. గుప్పిట పట్టేంత నల్లరాయి, నిప్పులా ఉంది. విసిరాడు. ఇంజను ముందు పడి పట్టా మీద ఖంగుమంది. డ్రైవరు ముఖంలో నవ్వు ఆగిపోయింది. రెండో రాయి ఇంజను పొట్టకు తగిలింది. పెద్ద సాహెబు కూర్చున్న బండిని రాళ్లతో కొడుతున్నాడు ఐలేశం, ఊరి చివరి వాడ ఐలేశం, ఇరవై రెండేళ్లలో ఎవరికీ ఎదురు చెప్పనివాడు. ఏడుస్తూ, బూతులు తిడుతూ, వంగి తీసి వంగి తీసి కొడుతున్నాడు. మూడో రాయికో నాలుగో రాయికో అద్దం పగిలింది. చక్రాలు కీచుమన్నాయి. ఇనుము ఇనుమును కోస్తున్న ఆ చప్పుడు పొడుగ్గా, ఆగదేమో అన్నంత పొడుగ్గా సాగింది, అతను పక్కకు దూకి కట్ట మీద పడ్డాడు, ఇంజను అతన్ని దాటి, ఇంకా ఇంకా మెల్లబడి, గుట్ట మొదట్లో, వంక ఇంకా నూరు గజాలు ఉందనగా ఆగింది.

ముందు డబ్బా దూరంలో నిలిచింది. వెనక డబ్బా సరిగ్గా అతని ఎదురుగానే ఆగింది, పెద్ద సాహెబుది, తెరలు కట్టినది. తలుపులు ధన్ ధన్ మని తెరుచుకున్నాయి, ఎర్ర పట్టీల బంట్రోతులు ఇద్దరు, తుపాకి పట్టుకున్న జవాను ఒకడు కిందికి దూకారు. "పట్టుకో, వాణ్ని పట్టుకో" అంటున్నారు ఎవరో. ఐలేశం పట్టాలు వంక తిరిగిన వైపు చెయ్యి చూపించాలనుకున్నాడు, ముందు పోయి చూడుండ్రి అనాలనుకున్నాడు, గొంతులో గాలి లేదు. వాళ్లను చూడలేదు. బండి పొడుగూ కిటికీల వెంట చూపు పరిగెత్తించాడు, ఒక్కొక్క తల, ఎవరెవరివో తలలు, ముందు డబ్బా దాకా. అక్కడ కిటికీలో ఆకుపచ్చ కొంగు కనిపించింది, దాని వెనక అండాలు ముఖం, ఇంత దూరం నుంచి కూడా అది భయపడిన ముఖమేనని తెలుస్తోంది.

"నాయినా!" అని ఆ పిల్ల కేక వేసింది. "నాయినా, గదేంది, బండిని కొడ్తవేందే!"

ఒక చెయ్యి కిటికీ ఊచ మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద ఉంది. పిల్లకు ఏ దెబ్బా తగలలేదు. ఐలేశం ఆ చెయ్యి వైపే చూస్తున్నాడు, తుపాకి మడమ అతని వీపు మీద మొదటిసారి పడినప్పుడు.